ఇంగ్లీషు పదక్రీడల్లో తూర్పు కనుమల మాటలు

స్క్రాబుల్ ఆడేవారి లెక్కలో వింత మాట అంటే రోజువారీ ఇంగ్లీషులో వినబడనిది, అయినా ఆమోదిత పదపట్టికలో చోటున్నది. అమెరికా వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్ 1930ల్లో రూపొందించిన ఆటను 1948లో జేమ్స్ బ్రూనో ఈ పేరుతో అమ్మకానికి పెట్టాడు. పలక మీద 225 గళ్లు, సంచిలో 100 బిళ్లలు, చేతిలో ఏడు. ఏ మాట చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది పదపట్టిక. అమెరికా, కెనడాలను మినహాయిస్తే అంతర్జాతీయ పోటీలు ఎక్కువగా అనుసరించేది కాలిన్స్ పట్టికను. అందులో దాదాపు 2.8 లక్షల మాటలున్నాయి. వాటన్నిటికీ అర్థం చెప్పగల మనిషి ఇంగ్లండులో కూడా దొరకడు. ఆ రాశిలో కొన్ని మాటలు మన అరకు, పాడేరు, పార్వతీపురం, కోరాపుట్ కొండల్లో పండేవి, కాచేవి, తిరిగేవి. అవి వింతగా తోచడానికి కారణం వాటి అక్షరాల్లో లేదు. ఇంగ్లీషు ఈ కొండల గురించి ఎవరి నోట విన్నదో ఆ చరిత్రలో ఉంది. ఆ చరిత్ర పట్టుబడితే ఏ మాట పట్టికలోకి ఎక్కింది, ఏది బయటే మిగిలింది, ఒకే గింజకు నాలుగు స్పెల్లింగులు ఎందుకు వచ్చాయి అన్న ప్రశ్నలకు చాలావరకు సమాధానం దొరుకుతుంది.

కొండవాళ్ల అంబలి గింజతోనే మొదలుపెట్టవచ్చు. దాన్ని ఉత్తరాంధ్రలో చోడి, చోళ్లు అంటారు; తెలంగాణలో తైదలు; మిగతా చోట్ల రాగి. స్క్రాబుల్ పట్టికలో చోడి లేదు, తైదలు లేవు. రాగి మాత్రం నాలుగు వేషాల్లో ఉంది: చివర ఐ పెట్టి నాలుగక్షరాలుగా, రెండు ఈలు పెట్టి ఐదుగా, జీని రెట్టించి వై పెట్టి ఐదుగా, జీనీ ఈనీ రెండింటినీ రెట్టించి ఆరుగా. రెట్టిస్తే పాయింట్లు పెరుగుతాయి. నాలుగక్షరాల రాగికి 5, ఆరక్షరాల రాగికి 8. ఇన్ని రూపాలకు మూలం తేలికగానే కనబడుతుంది. టిప్పు పతనం తరువాత మైసూరు దేశమంతా తిరిగి ఫ్రాన్సిస్ బుకానన్ రాసిన పెద్ద గ్రంథం 1807లో అచ్చయింది. అలాంటి సర్వే అధికారులు, కలెక్టర్లు, సైనికులు ఎవరి చెవికి వినబడినట్టు వారు రాసుకున్నారు. ఒకటే సరైనదని నిర్ణయించే పెద్ద లేడు. నిఘంటుకారులు దొరికిన రూపాలన్నీ ఏరి పక్కపక్కన పెట్టారు. ఇంగ్లీషు అధికారులు మొదట ఈ గింజను రాశులుగా చూసింది మైసూరులో కాక మన్యంలో అయివుంటే, లండన్ ఆటగాళ్లు ఇవాళ చోడికి నాలుగు స్పెల్లింగులు బట్టీ పట్టేవారు.

ఇప్పచెట్టు కథ ఇంకా చిక్కనిది. పువ్వు తిండి, పువ్వు సారా, గింజ నూనె. తూర్పు కనుమల గిరిజన జీవితంలో దీనికి సాటివచ్చే చెట్లు కొద్ది. దాని హిందీ పేరు మహువా పట్టికలో కనీసం నాలుగు రూపాల్లో ఉంది. మధ్యలో యు ఉన్న ఐదక్షరాల రూపంలో మూడు అచ్చులుంటాయి కనుక, చేతిలో అచ్చులు పేరుకుపోయిన ఆటగాడికి అది వరం. యు బదులు డబుల్యు పెడితే విలువ 10 నుంచి 13కు చేరుతుంది. మోవా, మౌరా అని పలికేవి మరో రెండు. ఇప్ప అన్న మాట మాత్రం లేదు. ఆ మాట ఇంగ్లీషువాళ్లకు తెలియక కాదు. సామర్లకోటలో కంపెనీ తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వెలువరించిన గ్రంథం మొదటి సంపుటం 1795 నాటిది; మొక్కలకు తెలుగు పేర్లు అడిగి తెలుసుకుని రాసే అలవాటు ఆయనకు ఉండేది. అంటే ఒక మాటను వృక్షశాస్త్రవేత్త అచ్చులో పెట్టినంత మాత్రాన అది సామాన్య నిఘంటువులోకి నడవదు. పన్ను వేసేవాడు, సరుకు కొనేవాడు దాన్ని మళ్లీ మళ్లీ రాయాలి. సారా మీద ఆదాయం చూసుకున్న ప్రభుత్వాలు ఉత్తర, మధ్య, పశ్చిమ భారతాల కాగితాల్లో మహువాను వేలసార్లు రాశాయి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఈ పువ్వు నిల్వను అదుపు చేయడానికి ఏకంగా ఆ పేరుతో చట్టమే చేసింది. మాట బతికింది ఆ కాగితాల బలంతోనే.

పట్టిక పుట్టుక కూడా ఈ వాదనకు తోడు వస్తుంది. బ్రిటన్‌లో స్క్రాబుల్ కోసం ప్రత్యేక అధికారిక పదపట్టిక 1988లో వచ్చింది. దానికి ఆధారం చేంబర్స్ నిఘంటువు. ఆ నిఘంటు వంశానికి మూలపురుషుడు 1901లో ఎడింబరో నుంచి వెలువడిన చేంబర్స్ ట్వెంటియెత్ సెంచురీ డిక్షనరీ. పాతబడిన మాటలను, దూరదేశపు మాటలను వదలకుండా దాచుకోవడంలో దానికి పేరు. అలాంటి మాటలు అప్పటికే ఒకచోట దొరికేవి: ఆంగ్లో-ఇండియన్ మాటల మహాకోశం హాబ్సన్-జాబ్సన్‌ను హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ 1886లోనే తెచ్చారు. 2003లో పట్టిక బాధ్యత కాలిన్స్‌కు మారినా పాత మాటలను తీసివేయలేదు. కాబట్టి ఇవాళ కంప్యూటర్ మీద స్క్రాబుల్ ఆడే పిల్లవాడు తనకు తెలియకుండానే విక్టోరియా రాణి కాలపు కచేరీ ఇంగ్లీషును వాడుతున్నాడు. అందులోని భారతదేశం జమీందార్ల, తాలూకాల, కరువుల, వేటల దేశం. కొండలు దాని అంచున ఎక్కడో ఉన్నాయి.

వేట అన్నాం కనుక జంతువుల సంగతి. పందికొక్కు తెలుగు మాట అనడానికి సందేహం లేదు. కోస్తా తెలుగువాళ్ల నోటి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయింది. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడి పొడుగుమూతి సంచి జంతువుకు ఈ పేరు తగిలించారు. ఎలుక జాతితో దానికి చుట్టరికం లేదు. అక్కడితో ఆగలేదు, ఆస్ట్రేలియాలో అది క్రియ కూడా అయింది: పైన తీగ కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వి దొంగిలించడం అని అర్థం. అందుకే స్క్రాబుల్‌లో ఈ తొమ్మిదక్షరాల మాటకు భూతకాలపు ప్రత్యయం కూడా చెల్లుతుంది. పందికొక్కు నైజం తెలిసిన తెలుగు రైతుకు ఈ అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. మన రేచుకుక్కకు ఇంగ్లీషు పేరు ఢోల్. ఐదక్షరాలు, 9 పాయింట్లు. దీని మూలం ఇంతవరకు తేలలేదు. అడవిదున్నను గౌర్ అంటారు, అది హిందీ పేరు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంగ్లీషులో కొంచెం మనలా ధ్వనించే మాట కనబడగానే ఇది తెలుగుదే అని చాటడం మనవాళ్లకు ఒక సరదా. ముంగిసకు ఇంగ్లీషు పేరు తెలుగుకు దగ్గరగానే ఉంది, కానీ నిఘంటువులు దాన్ని మరాఠీ దారిన వచ్చినట్టు చెబుతాయి. గోడౌన్‌కు గిడ్డంగితో బంధుత్వం ఉండవచ్చునంటారు, అయినా ఇంగ్లీషుకు అది చేరింది మలయ్ మీదుగా. మూలం ఒకటి, దారి ఒకటి. ఈ వ్యాసం లెక్క చూసేది దారిని.

రాళ్ల దగ్గర ఈ దారి మరీ స్పష్టంగా కనబడుతుంది. తూర్పు కనుమల నడుముగా ఉన్న రాయికి ఖోండలైట్ అని పేరు. కలహండి ప్రాంతాన్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో ఖోండు తెగ పేరు మీద దీనికి ఆ పేరు పెట్టాడు. గార్నెట్, సిలిమనైట్, కొంత గ్రాఫైట్ కలిసిన ఈ రాయి కోణార్క్ ఆలయంలో ఉంది, విశాఖ డాల్ఫిన్స్ నోస్‌లో ఉంది, అరకు దారిలోని అనంతగిరి కొండల్లోనూ ఉంది. ఖోండు అన్న పేరు మన కొండ నుంచే వచ్చిందని పాత రచయితలు చాలామంది రాశారు. ఆ జనం తమను తాము కుయి, కువి అని చెప్పుకుంటారు. ఈ కనుమల్లోనే దొరికే మరో రాయి చార్నొకైట్. దానికి టి.హెచ్. హాలండ్ 1893లో పేరు పెట్టింది కలకత్తాలోని జాబ్ చార్నొక్ సమాధి రాతిని చూసి. ఆ సమాధి రాయి వెళ్లింది మద్రాసు దగ్గరి పల్లావరం నుంచి. మూడోది కోడురైట్. విశాఖ జిల్లాలో, ఇప్పటి విజయనగరం వైపున, 1892లో మాంగనీసు తవ్వకం మొదలైన కోడూరు పేరుతో ఎల్.ఎల్. ఫెర్మర్ పెట్టినది. ఒక రాయికి తెగ పేరు, ఒక రాయికి కంపెనీ వర్తకుడి పేరు, ఒక రాయికి గని ఉన్న ఊరి పేరు.

స్క్రాబుల్ నియమం ఇక్కడ ఒక విచిత్రం చేస్తుంది. పెద్దక్షరంతో మొదలయ్యే విశేష నామాలు చెల్లవు. అరకు చెల్లదు. ఖోండు, గదబ, సవర, పోర్జా, ఏవీ చెల్లవు. గోండుల పేరు మోసే గోండ్వానాను 1885లో ఎడ్వర్డ్ స్యూస్ మహాఖండం స్థాయికి పెంచినా ఆటలో దానికి గడి దొరకదు. రాయి పేరుకు మాత్రం పెద్దక్షరం అడ్డు ఉండదు, ఎందుకంటే అది సామాన్య నామం. నియమం తటస్థమైనదే, లండన్‌కూ ప్యారిస్‌కూ అదే వర్తిస్తుంది. ఫలితం తటస్థం కాదు. ఇంగ్లండు జనజీవితం వేలాది సామాన్య నామాలుగా నిఘంటువులో ఉంది కనుక లండన్ అన్న ఒక్క మాట పోయినా వారికి లోటు లేదు. కొండ ప్రజల నుంచి ఇంగ్లీషు ఎక్కువగా తీసుకున్నది తెగల పేర్లు, ఊళ్ల పేర్లు. అవి పోతే మిగిలేది రాళ్లే. ఖోండలైట్ శిథిలమై ఏర్పడిన బాక్సైట్ కోసం గాలికొండ, రక్తకొండ, జెర్రెల చుట్టూ దశాబ్దాలుగా నడిచిన వివాదాన్ని, బొర్రా దగ్గర నిమ్మలపాడు గనుల నుంచి మొదలై గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పును గుర్తుచేసుకుంటే, రాయి పేరు ముందు వెళ్లడం కేవలం భాషా విశేషం కాదని తెలుస్తుంది.

ఇంకో రకం మాటలున్నాయి. పట్టికలో అక్షరాలుంటాయి, మన అర్థం ఉండదు. భారతీయ ఇంగ్లీషు పత్రికల్లో వారపు సంతను షాండీ అంటారు. అరకు, హుకుంపేట వైపు సంతల గురించి ఇంగ్లీషులో ఏ వార్త వచ్చినా ఈ మాట వస్తుంది. అది మన సంత, తమిళుల సందై. స్క్రాబుల్ పట్టికలో సరిగ్గా ఇవే ఆరక్షరాలు 13 పాయింట్లకు చెల్లుతాయి, కానీ అది బీరులో నిమ్మ పానీయం కలిపి తాగే ఇంగ్లీషువాళ్ల షాండీ. ఏజెన్సీ మాటా అంతే. ప్రపంచానికి అది వ్యాపార సంస్థ. మనకు అది కొండ. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెట్టారు. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. ఆ మాట తెలుగులో స్థిరపడింది. ఇక అన్నిటికన్నా వింతైనది జెంటూ. పోర్చుగీసువారి మాట నుంచి వచ్చి, మద్రాసు ఇంగ్లీషులో అది తెలుగువాళ్లకూ తెలుగు భాషకూ పేరుగా చెల్లింది. ఏ.డి. కాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం అని పేరు పెడితే, మరుసటి ఏడాదే విలియం బ్రౌన్ తన పుస్తకాన్ని జెంటూ భాషా వ్యాకరణం అన్నాడు. తెలుగు అన్న మాట భాష పేరు కనుక ఆటలో చెల్లదు. జెంటూ చెల్లుతుంది, 7 పాయింట్లు. కాకపోతే తెలుగువాడిగా కాదు, దక్షిణ ధ్రువ సముద్రాల పెంగ్విన్ పక్షిగా.

రాకుండా మిగిలిన మాటలు వచ్చిన మాటలంత సాక్ష్యం చెబుతాయి. మెక్సికో, మధ్య అమెరికాల్లో అడవి కొట్టి, కాల్చి, మార్చి మార్చి సాగుచేసే పొలాన్ని మిల్పా అంటారు. అది పట్టికలో ఉంది. అదే సాగుకు ఉత్తర ఇంగ్లండు మాండలికం నుంచి మానవశాస్త్రవేత్తలు బయటికి తీసిన స్విడెన్ ఉంది. అదే సాగుకు మన మాట పోడు, అది లేదు. పోడు మీద మద్రాసు అటవీశాఖ రాసిన కాగితాలు తక్కువేమీ కావు, కానీ అవి ఎక్కువగా నిషేధించడానికి రాసినవి. మెక్సికో రైతును అమెరికా విశ్వవిద్యాలయాలు అధ్యయనం చేసినట్టు ఈ రైతును ఎవరూ చేయలేదు. 1879 నాటి రంప తిరుగుబాటును గెజిటీర్లు ఫితూరీ అనే రాశాయి. కొండ ఊళ్ల పెత్తందారైన ముఠాదారు కూడా ఆ పుటల్లోనే ఉన్నాడు. ఆ మాటలు జిల్లా దాటలేదు. జిల్లా దాటి లోకమంతా తిరిగింది మెరియా. ఖోండుల నరబలికి ఎంచిన మనిషిని ఆ పేరుతో పిలిచారు. దాన్ని అణచడానికి 1845లో పెట్టిన ప్రత్యేక యంత్రాంగం పేరే మెరియా ఏజెన్సీ, 1861 దాకా నడిచింది. మానవశాస్త్రవేత్త ఫ్రేజర్ గ్రంథం ‘గోల్డెన్ బో’ పుణ్యమా అని యూరప్ చదువరులకు ఖోండులు అంటే మెరియా ఒక్కటే గుర్తుండిపోయింది. పోడుకు రాని పేరు బలికి వచ్చింది.

ఇదంతా చరిత్రకారుడి గోల, ఆటగాడికి దీనితో పనేమిటి అనే ఆక్షేపణ బలమైనదే. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు. అర్థం అక్కరలేదనడానికి ఇంతకన్నా రుజువు ఉండదు. ఒప్పుకోవలసిందే: బిళ్ల వేసేటప్పుడు అర్థం అడగరు. అయితే రిచర్డ్స్ జ్ఞాపకశక్తి కోట్లలో ఒకరికి ఉండేది, దాన్ని ప్రమాణంగా తీసుకుని మిగతావాళ్లకు పాఠం చెప్పలేం. మామూలు ఆటగాడికి మాట నిలబడడానికి ఒక కొక్కెం కావాలి, అర్థం కన్నా మంచి కొక్కెం లేదు. అమెరికా స్పెల్లింగ్ బీ పోటీల్లో తెలుగు కుటుంబాల పిల్లలు ఏళ్ల తరబడి గెలుస్తున్నారు. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ. ఆ పోటీలో మాట ఏ భాషదో, అర్థమేమిటో అడిగే హక్కు ఉంది, పిల్లలు అడుగుతారు కూడా. మూలం తెలిస్తే అక్షరాలు ఊహించవచ్చునని వారికి తెలుసు. మహువా హిందీ మాట అని తెలిసినవాడు హెచ్‌ను మరచిపోడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పలక మీద అర్థం అడగకపోయినా పట్టిక వాకిట్లో అడుగుతారు. అర్థం, వాడుక నిరూపణ కాని మాట పట్టికలోకే రాదు. కాబట్టి అర్థం ఆటకు బయటిది అనడం సగమే నిజం.

కొండ భాషలకు లిపి లేదు, పుస్తకాలు లేవు, మరి ఇంగ్లీషు నిఘంటువు ఎలా తీసుకుంటుంది అన్నది రెండో ఆక్షేపణ. ఇది నిలవదు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు 1931లో సవర భాషా గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చారు. సాలూరు వైపు పనిచేసిన మిషనరీ షుల్జె 1911లో కువి వ్యాకరణం అచ్చువేశాడు. విన్‌ఫీల్డ్ 1928లో కుయి వ్యాకరణం తెచ్చాడు. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాషను వర్ణించారు. బరో, ఎమెనో కలిసి 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కుయి, కువి, కొండ, గదబ మాటలు ఇంగ్లీషు అర్థాలతో వందల కొద్దీ ఉన్నాయి. 1936లో మంగెయ్ గొమాంగో సవరకు సొంత లిపి చేశాడు, 2012లో అది యూనికోడ్‌లోనూ చేరింది. పుస్తకాలు లేకపోవడం కారణం కాదు. ఉన్న పుస్తకాలు పండితుల అలమరలు దాటకపోవడం కారణం. ఇంకో లోతైన చిక్కు ఉంది, దాన్ని నిజాయితీగా చెప్పాలి. సవరలో క్రియ తనలో నామాలను కలుపుకుంటుంది. కత్తితో నీ పొట్టలో పొడుస్తాడు అన్నంత భావం ఒకే మాటగా వస్తుంది. మాట అంటే తెగ్గొట్టి, జాబితాలో పెట్టి, లెక్కించదగినది అన్న ఊహ మీద స్క్రాబుల్ నిలబడింది. ఆ ఊహ అన్ని భాషలకూ ఒకేలా సరిపోదు. అలాంటి భాష నుంచి విడి నామాలు అరువు వెళ్లగలవు, భాష వెళ్లలేదు.

మాట పట్టికలో చేరితే గిరిజనుడికి ఒరిగేదేమిటి అని మూడోవారు అడుగుతారు. భూమి దక్కదు, ధర పెరగదు, నిజమే. పేరుకు విలువ లేదని మాత్రం చెప్పలేం. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది పేరును కాపాడడానికే కదా. నిఘంటువులు కూడా కదలని గోడలు కావు. 2017 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, గుజరాతీల నుంచి దాదాపు 70 మాటలు చేర్చుకుంది, అన్న వంటి పిలుపులు వాటిలో ఉన్నాయి. సంపాదకులు చూసేది ఒక్కటే: ఇంగ్లీషు వాక్యంలో, అచ్చులో, ఏళ్ల తరబడి, వేర్వేరు చేతులు రాసిన వాడుక. కాబట్టి పాడేరు నుంచి, విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి ఇంగ్లీషులో రాసే విలేఖరులు, పరిశోధకులు, అధికారులు షిఫ్టింగ్ కల్టివేషన్ అని రాసే చోట పోడు అనే రాయాలి, ఫింగర్ మిల్లెట్ అనే చోట చోడి అని, మహువా అనే చోట ఇప్ప అని రాయాలి. మొదటిసారి పక్కన ఒక ముక్క వివరణ ఇస్తే చాలు, ప్రతిసారీ వాలు అక్షరాల్లో పెట్టి పరాయి చేయనక్కరలేదు.